గాడ్గిల్ నివేదికా, కస్తూరిరంగన్ నివేదికా: ఏది మేలు?

గోదావరి త్ర్యంబకంలో, కృష్ణ మహాబలేశ్వరంలో పుడతాయి. రెండూ పడమటి కనుమల బిడ్డలే. ఆ కొండల్ని కాపాడడానికి కేంద్రం రెండు నివేదికలు రాయించింది. పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ బృందం 2011 ఆగస్టులో మొదటిది ఇచ్చింది. దాని మీద రాష్ట్రాలు మండిపడడంతో కస్తూరిరంగన్ ఆధ్వర్యంలో ఇంకో బృందాన్ని వేశారు. వాళ్ల నివేదిక 2013 ఏప్రిల్‌లో వచ్చింది.

ఎవరిని అడిగినా ఒకటే లెక్క చెప్తారు: గాడ్గిల్ కనుమలన్నీ సున్నితమన్నారు, అంటే ఆంక్షలు పెట్టి కాపాడాల్సినవన్నారు, కస్తూరిరంగన్ 37 శాతం చాలన్నారు. లెక్క అబద్ధం కాదు గానీ సగమే. గాడ్గిల్ కొండలన్నిటికీ ఒకే తాళం వేయమనలేదు, మూడు మెట్లు పెట్టారు. మొదటి మెట్టులో కొత్త గనులు, పెద్ద ఆనకట్టలు వద్దన్నారు, మూడో మెట్టుకి వచ్చేసరికి చాలావరకు షరతులతో సరిపెట్టారు. రసాయన పురుగుమందులు మానడానికి కూడా మెట్టును బట్టి ఐదు, ఎనిమిది, పదేళ్ల గడువులిచ్చారు.

ఇక పటాల సంగతి. ఇందులో కస్తూరిరంగన్‌దే పైచేయి, మొహమాటం లేకుండా చెప్పాలి. ఇస్రోకి ఛైర్మన్‌గా చేసిన మనిషి, ఉపగ్రహ చిత్రాలతో 24 మీటర్ల ముక్క దాకా చూపించారు. గాడ్గిల్ బృందం గీసుకున్న గడి ఒక్కొక్కటి సుమారు తొమ్మిది కిలోమీటర్ల పొడవు, తొమ్మిది కిలోమీటర్ల వెడల్పు. అంత గడిలో అడవి, బజారు, కాఫీ తోట అన్నీ ఇరుక్కుంటాయి. అయితే అంత సన్నగా చూసిన కస్తూరిరంగన్ కూడా చివరికి ఊరిని లెక్కలోకి తీసుకున్నారు. ఊళ్లో ఐదో వంతు సున్నితమైతే ఊరంతా సున్నితమే. కేరళలో రెవెన్యూ గ్రామాలు పెద్దవి, జనం ఎక్కువ. 2013 నవంబరులో అక్కడ గొడవలు రేగడం వింతేమీ కాదు.

కస్తూరిరంగన్ కనుమల్ని 'సహజ', 'సాంస్కృతిక' ప్రాంతాలని రెండుగా విడదీశారు. జనం ఉన్నచోటు, తోటలున్నచోటు రెండో దానిలోకి పోయి, రక్షణ మొదటి దానికే మిగిలింది. నాకు మింగుడుపడనిది ఇదే. తమిళనాడులోని వాల్పరై టీ తోటల మధ్య మిగిలిన అడవి ముక్కల్లో సింహం తోక కోతులు తిరుగుతున్నాయి. ఊరి పక్కనే దేవుడి పేరు మీద గొడ్డలి పడని వనాలున్నాయి. పటం మీద అవి ఏ రంగులోకి వస్తాయి?

ఊరివాళ్ల మాటకి విలువిచ్చే చూపు గాడ్గిల్‌కి ఎక్కడిదో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1973లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరాక, కర్ణాటక ప్రభుత్వం అడిగితే ఉత్తర కన్నడలో వెదురు ఎందుకు తరిగిపోతోందో చూశారు. కాగితం మిల్లుకి వెదురు టన్ను రూపాయిన్నరకే ఇచ్చేవారు. బజారులో మేదరులకు అదే టన్ను వేయి రూపాయల పైమాటే. అంత చవగ్గా దొరికే సరుకు అడుగంటితే మిల్లుకేం బాధ, ఇంకో అడవి వెతుక్కుంటుంది. అటవీ శాఖ మాత్రం పొద మొదట్లో అల్లుకున్న ముళ్లకంపే పెరుగుదలకు అడ్డమని దాన్ని నరికించేది. ఊరివాళ్లు గాడ్గిల్‌తో వేరే మాట చెప్పారు: ఆ కంపే లేకపోతే కొత్త మొలకల్ని పశువులు బతకనిస్తాయా? కొలిచి చూస్తే ఊరివాళ్ల మాటే నిలిచింది.

ఆ ముళ్లకంప దగ్గర నేర్చుకున్నదే 2011 నివేదికలో గ్రామసభ అయింది. ఏ ఊరు ఏ మెట్టులో ఉండాలో, ఏ ఆంక్ష ఒప్పుకోవాలో తుదిమాట స్థానికులదేనని, తమ పటం చర్చకు మొదలు మాత్రమేనని గాడ్గిల్ అన్నారు. కస్తూరిరంగన్‌కి నేరుగా రాసిన బహిరంగ లేఖలో ఆయన గట్టిగా నిలదీసింది కూడా దీనిమీదే.

అలాగని గాడ్గిల్ నివేదికని నెత్తిన పెట్టుకోను. గ్రామసభలో నలగాల్సిన కాగితం వందల పేజీల ఇంగ్లీషులో ఉండిపోయింది. దాన్నీ మంత్రిత్వ శాఖ దాచి ఉంచింది. సమాచార హక్కు చట్టం కింద పోరాటం జరిగి, ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాక 2012 మేలో గానీ బయటికి రాలేదు. ఈలోగా 'ఇళ్లు ఖాళీ చేయిస్తారట' అన్న పుకారు ముందే కొండెక్కింది.

నన్ను ఎంచుకోమంటే పటం కస్తూరిరంగన్‌ది తీసుకుంటాను, నిర్ణయించే పద్ధతి గాడ్గిల్‌ది. రెండూ కలవవని అధికారులు అంటారు. సన్నటి పటాన్ని గ్రామసభ ముందు పరిస్తే ఎందుకు కలవవో నాకు అర్థం కాదు. ఒక్కటే ఎంచుకోవాలంటే గాడ్గిల్‌దే. పటంలో తప్పు దొర్లితే మళ్లీ గీసుకోవచ్చు. ఊరిని అడక్కుండా పెట్టిన ఆంక్షని ఊరు కాపాడదు.

కేంద్రం పట్టుకున్నది రెండో నివేదికనే. ఏవి సున్నిత ప్రాంతాలో ప్రకటించే మొదటి ముసాయిదా 2014 మార్చిలో వచ్చింది, గడువు తీరింది, మళ్లీ వచ్చింది. 2024 జూలై 30 తెల్లవారకముందే వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల మీద కొండ విరిగిపడి రెండు వందల మందికి పైగా పోయారు. ఆ ఊళ్లున్న వైత్తిరి తాలూకాని గాడ్గిల్ మొదటి మెట్టులోనే పెట్టారు. ఆ మర్నాడు, జూలై 31న, కేంద్రం ఆరో ముసాయిదా జారీ చేసి అభ్యంతరాలకు అరవై రోజుల గడువిచ్చింది.