ఫెల్డెన్‌క్రైస్ పాఠాలు: ఏళ్ల తరబడి చేశాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, ఫెల్డెన్‌క్రైస్ అనే ఈ కదలికల పద్ధతితో బరువు తగ్గరు, కండలు రావు, చెమట కూడా పట్టదు. నేల మీద పడుకుని, రికార్డింగ్‌లో ఎవరో చెబుతుంటే చిన్న చిన్న కదలికలు నెమ్మదిగా చేయడమే పని. కంప్యూటర్ ముందు ఉద్యోగం వల్ల నా మెడ, కుడి భుజం ఎప్పుడూ పట్టేసి ఉండేవి. వాటి కోసం మొదలుపెట్టాను. కొన్నేళ్లయినా పాఠాలు మానలేదు.

దీన్ని తయారుచేసిన మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) ఇంజనీరు, భౌతికశాస్త్రం చదివినవాడు, జూడోలో బ్లాక్ బెల్ట్. మోకాలి గాయం ఎంతకీ వదలకపోతే తన కదలికల్ని తానే గమనించుకుంటూ ఈ పద్ధతికి వచ్చాడు. తర్వాత టెల్ అవీవ్‌లో ఏళ్లపాటు గుంపులకు నేర్పాడు.

పాఠం ఎలా ఉంటుందో చెప్పడానికి 'కటి గడియారం' ఒక్కటి చాలు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించాలి. కటి (నడుముకీ తొడలకీ మధ్య ఉండే ఎముకల గూడు) కింద ఒక గడియారం ఉందనుకోవాలి. బొడ్డు వైపు 12, తోక ఎముక వైపు 6. బరువు 12 మీదికి దొర్లిస్తే నడుము నేలకు ఆనుతుంది, 6 మీదికి వస్తే కొంచెం లేస్తుంది. అలా పన్నెండు అంకెల మీదుగా మెల్లగా తిరగాలి. వినడానికి పిల్లలాటే. చేస్తే తెలుస్తుంది: 12 నుంచి 3 దాకా సాఫీగా వెళ్లిన నా కటి, 7కీ 9కీ మధ్య ప్రతిసారీ ఒక అంకెను ఎగ్గొట్టేసేది. ఆ జాగాలోకి రాగానే ఊపిరి ఆగేది, దవడ బిగుసుకునేది, కాలివేళ్లు నేలను పట్టుకునేవి. నడుము పనికి దవడకేం సంబంధం? ఏమీ లేదు. అక్కర్లేని కండరాలు కూడా పనిలోకి దిగుతున్నాయని మనకు తెలియకపోవడమే అసలు సమస్య. ఈ పద్ధతి పట్టించుకునేది దాన్నే.

అంత తక్కువ బలంతో ఎందుకు చేయమంటారో చెప్పాలి. జర్మన్ శరీరశాస్త్రవేత్త వేబర్ 19వ శతాబ్దంలో గమనించిన సూత్రం ఒకటుంది. బియ్యం బస్తా మోస్తున్నవాడికి దాని మీద గుప్పెడు గింజలు వేసినా తెలియదు, అరచేతిలో నాలుగు గింజలు ఉన్నవాడికి మరో నాలుగు పడితే తెలుస్తుంది. కండరం గట్టిగా బిగిస్తే చిన్న తేడా పసిగట్టలేం. అందుకే 'చేయగలిగినదాంట్లో సగమే చేయండి' అంటారు. యోగా క్లాసుల్లో 'ఇంకొంచెం, ఇంకొంచెం' వినీ వినీ వచ్చినవాళ్లకు ఇది మహా కష్టం. శవాసనంలో 'భుజాలు వదిలేయండి' అంటారు కదా, బిగించి ఉన్నామని తెలిస్తేగా వదలడానికి!

ఇంకో మంచి పద్ధతి, చాలా పాఠాల్లో ముందు ఒకవైపే చేయించి ఆపుతారు. కాళ్లు చాపి పడుకుని రెండు వైపులనూ పోల్చుకోమంటారు. చేసిన వైపు భుజం నేలకు పరుచుకుని ఉంటే రెండోది ఎక్కడో పైన ఉన్నట్టు అనిపిస్తుంది. ఎవరూ నమ్మించక్కర్లేదు.

నాకు వచ్చిన లాభాలు చిన్నవే. మౌస్ మీద చూపుడువేలిని రోజంతా గాల్లో లేపి ఉంచుతున్నానని తెలిసింది. దాన్ని దించితే ముంజేయి నొప్పి చాలావరకు పోయింది. సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆపినప్పుడు భుజాలు చెవుల దాకా లేచి ఉంటే ఇప్పుడు నాకే తెలుస్తుంది. మెడ పట్టేయడం పూర్తిగా పోలేదు. పని టెన్షన్ ఉన్న వారం మళ్లీ వస్తుంది, కానీ ముందే తెలుస్తుంది.

ఇక నచ్చనివి. కొందరు టీచర్లు ప్రతి నొప్పికీ, ప్రతి మనోవేదనకూ ఇదే మందన్నట్టు మాట్లాడతారు. ఆధారాలు అంత గట్టిగా లేవు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వం చేయించిన సమీక్షలో ఇది పనిచేస్తుందనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. 2019 ఏప్రిల్ నుంచి అక్కడి ప్రైవేటు ఆరోగ్య బీమా జాబితాలోంచి దీన్ని తీసేశారు (అప్పుడు యోగాను, తాయ్ చీని కూడా తీసేశారనుకోండి). కాబట్టి డిస్కు నొప్పి, కాలు తిమ్మిరి ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

భాష రెండో ఇబ్బంది. నేను విన్నవన్నీ ఇంగ్లిష్‌లోనే. కళ్లు మూసుకుని ఏ కాలు ఎటు అని తర్జుమా చేసుకుంటుంటే గమనించడం ఎక్కడ కుదురుతుంది? మా అమ్మకైతే నేనే పక్కన కూర్చుని తెలుగులో చెబుతాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుని లేవలేదు. కుర్చీలో కూర్చుని చేసే పాఠాలు ఉన్నాయి, అవే చేయిస్తున్నాను. 'దీనికి పాఠం కూడానా' అంటుంది, చేశాక మాత్రం మెడ తిప్పి చూసుకుంటుంది.

డాలర్లలో అమ్మే పెద్ద ప్యాకేజీలు మొదట్లోనే కొనకండి, ఉచితంగా దొరికేవి చాలాకాలం సరిపోతాయి. పరుపు మీద వద్దు, ఒళ్లు ఎక్కడ ఆనుతుందో తెలియదు. చాప మీద మందపాటి దుప్పటి వేసుకోండి. భోజనం చేసి పడుకుంటే రెండో కదలికకే గురక వస్తుంది.