ఏడేళ్ల చిట్కాల లెక్క: మా ఇంట్లో నిలిచినవి, వదిలేసినవి

2018 జూన్‌లో హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఉన్న ఈ ఫ్లాట్‌లోకి వచ్చాం. నెల తిరక్కుండానే కొత్త కొళాయిలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. మామూలు రోజుల్లో బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్ నీళ్లు. ఆ తెలుపు వదిలించడానికి మొదలుపెట్టిన వెతుకులాటే తర్వాత వంటింట్లోకి, కారులోకి పాకింది. ఎవరు ఏ చిట్కా చెప్పినా, ఫోన్‌లో ఏది కనిపించినా ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, చేసి చూసి, తేదీ వేసి, ఏమైందో పక్కన రాశాను. మూడు నెలలు వాడకుండా దేన్నీ మంచిదనలేదు. మొదటి రోజు అన్నీ బాగానే పనిచేస్తాయి. మూడో నెలలో ఏమైందన్నదే నాకు కావాలి.

ముందు ఆ నీళ్ల సంగతే చెప్తాను, ఎక్కువ కష్టపడింది దానితోనే. వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది. చూడటానికి మురికంతా కరిగిపోతున్నట్టే ఉంటుంది. ఏడాది పాటు అదే చేశాను. కానీ ఒకటి పులుపు, ఒకటి క్షారం. కలిసిన మరుక్షణం ఒకదాని బలాన్ని ఇంకొకటి తినేస్తుంది, చివరికి గిన్నెలో మిగిలేది దాదాపు ఒక రకం లవణం కలిసిన నీరే. తెల్లటి పొర నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పేరుకున్నది కాబట్టి దానికి పులుపు ఒక్కటే కావాలి, సోడా అక్కర్లేదు.

ఇప్పుడు వాడేది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. కిరాణా కొట్లో చిన్న ప్యాకెట్లలో దొరుకుతుంది. కెటిల్‌లో లీటరు నీళ్లకి రెండు చెంచాలు వేసి మరిగించి, అరగంట వదిలేసి పారబోస్తే లోపలి పొర మొత్తం ఊడి వస్తుంది. పీచు పెట్టి రుద్దక్కర్లేదు. తర్వాత రెండుసార్లు మంచినీళ్లు మరిగించి పారబోస్తే చాలు. షవర్‌కైతే అదే గోరువెచ్చటి నీళ్లు ఒక కవర్‌లో పోసి, షవర్ తల అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టి, రాత్రంతా వదిలేస్తాను. రెండు నెలలకోసారి చేస్తున్నాను. ఆ షవర్ ఇప్పటికీ మార్చలేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పకుండా చెప్పాలి. ఈ పులుపు నీళ్లు మా ఫ్లాట్‌లోని గ్రానైట్ గట్టుని ఏమీ చేయలేదు. అదే ఉత్సాహంతో తెనాలి దగ్గర మా అమ్మ వాళ్లింటికి వెళ్లి వంటింటి గట్టు మీద పోశాను. అది కడప బండ. కడప బండ సున్నపురాయి, పులుపు తగిలితే పైన మెరుపు తినేస్తుంది. పోసినంత మేరా తెల్లగా మచ్చ పడింది, ఇప్పటికీ పోలేదు. "నలభై ఏళ్ల గట్టు కదమ్మా" అని ఊరుకుంది అమ్మ, తిట్టినా బాగుండేది. తాండూరు బండలు, పాలరాయి కూడా ఆ జాతివే. మీ ఇంట్లో నేల ఏ రాయో తెలుసుకోకుండా నిమ్మకాయ, వెనిగర్, యాసిడ్ ఏదీ పోయకండి. వాటికి మామూలు సబ్బు నీళ్లే మంచివి.

ఇంకొకటి, ఇది చిట్కా కాదు, ప్రమాదం. 2020లో అందరం ఇల్లంతా బ్లీచింగ్‌తో కడుగుతున్న రోజుల్లో, ఇంకా బాగా శుభ్రపడుతుందని బాత్‌రూమ్‌లో బ్లీచింగ్ నీళ్ల మీదే టాయిలెట్ కడిగే యాసిడ్ కూడా పోశాను. క్షణాల్లో గొంతు పట్టేసి, కళ్ల వెంట నీళ్లు కారి, బయటికి పరుగెత్తాను. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. సాయంత్రం దాకా దగ్గు తగ్గలేదు. మా పాప అప్పుడు పక్క గదిలోనే ఉంది, తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఇంట్లో పనికి వచ్చే ఆమెకి కూడా ఆ రెండు సీసాలూ విడివిడిగా చూపించి చెప్పాను. మీరూ చెప్పండి.

సింకు మూసుకుపోవడం గురించి నోట్‌బుక్‌లో పదకొండు చిట్కాలున్నాయి. అన్నీ కొట్టేశాను. సింకు కింద చెత్త పేరుకునే సీసా లాంటి భాగాన్ని, అంటే బాటిల్ ట్రాప్‌ని, చేత్తో తిప్పి ఊడదీసి, కింద బకెట్ పెట్టి, కడిగి బిగించడమే మందు. పది నిమిషాల పని, ప్లంబర్ అక్కర్లేదు. అసలు మూసుకుపోకుండా ఉండాలంటే నూనె జిడ్డున్న బాణలిని ముందు పాత పేపర్‌తో తుడిచి తర్వాత కడగాలి. మరిగే నీళ్లు పోయమంటారు కానీ పీవీసీ పైపులు అంత వేడికి మెత్తబడతాయి, వద్దు.

ఇక పప్పులు, బియ్యం. ఈ విషయంలో అమ్మ మాట వినడానికి నాకు మూడేళ్లు పట్టింది. కందిపప్పు డబ్బాలో లవంగాలు, ఎండుమిరపకాయలు, బిర్యానీ ఆకు, వెల్లుల్లి, అగ్గిపుల్లలు అన్నీ పెట్టి చూశాను. ఆషాఢం వచ్చేసరికి పురుగు పట్టేది. "అవన్నీ ఎందుకే, కాస్త ఆముదం పట్టించు" అనేది అమ్మ. జిడ్డుగా ఉంటుందని నాకు ఇష్టముండేది కాదు. చివరికి 2021లో కిలో పప్పుకి ఒక చిన్న చెంచా ఆముదం అరచేతుల్లో రాసుకుని, గింజ గింజకీ అంటేలా కలిపి, నీడలో ఆరబెట్టి డబ్బాకి పోశాను. అప్పటి నుంచి ఒక్క ఏడాదీ పురుగు పట్టలేదు. గింజ మీద నూనె పొర ఉంటే పురుగు పెట్టిన గుడ్డు బతకదు. వండే ముందు వేడినీళ్లతో రెండుసార్లు కడిగితే వాసన కూడా ఉండదు. పెసలు, మినుములకి కూడా అదే చేస్తున్నాను.

బియ్యానికి మాత్రం నూనె నప్పదు. బోరిక్ పౌడర్ కలపడం మా చుట్టాల ఇళ్లల్లో మామూలే, నేనూ రెండేళ్లు కలిపాను. ఇప్పుడు ఎవరు చెప్పినా ఒప్పుకోను. అది తినే వస్తువులో వేయాల్సిన పొడి కాదు, కడిగితే మొత్తం పోతుందన్న నమ్మకమూ లేదు. ఎండిన వేపాకు కొంత పనిచేసింది, పూర్తిగా కాదు. పురుగు పట్టాక ఎర్రటి ఎండలో పోస్తే పురుగు పోతుంది కానీ బియ్యం పగిలి సగం నూకలవుతాయి, అన్నం ముద్దవుతుంది. పల్చటి ఎండలోనో, నీడలో గాలికో పరచడమే మేలు. మేం చేసిన అసలైన మార్పు ఏమిటంటే 25 కిలోల బస్తా మానేసి పది కిలోలు తెచ్చుకోవడం. బొంబాయి రవ్వ, శనగపిండి లాంటివి తెచ్చిన రోజే నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తాను. కంటికి కనిపించని గుడ్లు ఆ చలికి చచ్చిపోతాయి. తీసిన తర్వాత ప్యాకెట్ చల్లదనం పూర్తిగా పోయాకే విప్పాలి, లేకపోతే తేమ చేరి ఉండలు కడుతుంది.

కొత్తిమీర కడగకుండా, వేళ్లు కోసి, పేపర్ పరిచిన డబ్బాలో పెడితే మా ఫ్రిజ్‌లో పది రోజులు ఉంటోంది. గ్లాసు నీళ్లలో నిలబెట్టే పద్ధతి మూడు రోజులకే కుళ్లింది. అట్లపెనానికి సగం కోసిన ఉల్లిపాయ రుద్దడాన్ని మించింది ఇంకా ఏదీ కనిపించలేదు. అల్లం వెల్లుల్లి ముద్ద మీద నూనె పోసి గట్టు మీదే ఉంచే అలవాటు ఉంటే మానేయండి. గాలి తగలని నూనెలో వెల్లుల్లి ఫ్రిజ్ బయట ఉంటే ప్రాణం మీదికి తెచ్చే విషం తయారయ్యే అవకాశం ఉంది. ఐస్ ట్రేలో గడ్డకట్టించి, రోజుకొక ముక్క తీసి వాడుతున్నాను.

పూజ సామాన్లకి రెండు దారులు. ఇత్తడికి చింతపండు, ఉప్పు. మన అమ్మమ్మల పద్ధతే. తోమిన వెంటనే పొడిబట్టతో తుడవకపోతే మర్నాటికే నల్లబడుతుంది, చాలామంది వదిలేసేది అక్కడే. వెండి కుందులకి మాత్రం పొడులు మానేశాను. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, మరిగే నీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా, ఒక చెంచా ఉప్పు వేసి, వెండి ఆ ఫాయిల్‌కి తగిలేలా పెట్టాలి. ఐదు నిమిషాల్లో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, నలుపు పోతుంది. వెండికి పట్టిన గంధకాన్ని అల్యూమినియం లాగేసుకుంటుంది. పొడితో రుద్దితే నలుపుతో పాటు వెండి కూడా కొంచెం కొంచెం అరిగిపోతుంది, ఇక్కడ ఆ బాధ లేదు. రాళ్లు పొదిగిన నగలని, కావాలని నలుపు పట్టించిన డిజైన్లని ఇందులో వేయకండి.

గ్యాస్ ఎంత మిగిలిందో చూసే తడిబట్ట చిట్కా నిజమే. కాసేపు వంట చేశాక సిలిండర్‌ని నిలువునా తడిబట్టతో తుడవాలి. పైభాగం త్వరగా ఆరుతుంది, కింద ద్రవం ఉన్నంత మేరా చల్లగా ఉండి తడి నిలుస్తుంది. దానితో పాటు ఇంకొకటి చూసుకోండి. సిలిండర్ పైన పట్టీల లోపలివైపు ఏ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన ఏడాది ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా. మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు అది. గడువు దాటినది తెస్తే తీసుకోకుండా వెనక్కి పంపండి. గ్యాస్ లీకైతే ఫోన్ చేయాల్సిన నంబరు 1906. మా ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

ఇప్పుడు కారు. ఆర్వో మిషన్ నుంచి వృథాగా పోయే నీళ్లతో కారు కడగమని చాలామంది చెప్తారు. నీళ్లు పారబోయడానికి మనసొప్పక నేనూ ఆరు నెలలు కడిగాను. నల్ల కారు మీద బొట్టు బొట్టుకీ తెల్ల మచ్చ. వడపోతలో మిగిలిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే చిక్కగా ఉంటాయి, అంటే బోరు నీళ్లకంటే అవే అధ్వానం. ఇప్పుడు అవి బాత్‌రూమ్ కడగడానికి, నేల తుడవడానికి వాడుతున్నాం. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం కారుకి బాగా పనికొచ్చాయి. గాలిలోని తేమే నీరవుతుంది కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. గుడ్డతో వడగట్టి అద్దాలకి, వైపర్ ట్యాంకుకి పోస్తున్నాం. అంతకుముందు బోరు నీళ్లతో పూడుకుపోయే, అద్దం మీదికి నీళ్లు చిమ్మే నాజిల్ నాలుగేళ్లుగా శుభ్రంగా ఉంది. బ్యాటరీకి మాత్రం పోయకండి, దానికి కొన్న డిస్టిల్డ్ వాటరే.

పచ్చబడిన హెడ్‌లైట్లకి టూత్‌పేస్ట్ రుద్దితే ఆ రోజు నిజంగానే మెరిశాయి. సరిగ్గా మూడు నెలలకి ముందుకంటే ఎక్కువ పచ్చబడ్డాయి. ఆ ప్లాస్టిక్ మీద ఎండ నుంచి కాపాడే పూత ఒకటి ఉంటుంది. పేస్టుతో దాన్ని నేనే గీకేశాను. మళ్లీ పూత వేయించకపోతే రుద్దడం దండగ.

వానలో అద్దం మసకబారితే బంగాళదుంప రుద్దడం, షాంపూ రాయడం రెండూ చేశాను. పగలు పర్వాలేదు, రాత్రి ఎదురు బండి లైటు పడితే చారలు చారలుగా కనిపించి టెన్షన్ పెట్టాయి. అంతకంటే మసక ఏ వైపుందో వేలితో తుడిచి చూడటం మేలు. లోపలి వైపైతే ఏసీ వేసి, లోపలి గాలే తిప్పే బటన్ ఆపి, గాలిని అద్దం మీదికి మళ్లించాలి. బయటి వైపైతే అద్దం మరీ చల్లబడిందని అర్థం. ఏసీ చల్లదనం తగ్గించి వైపర్ వేస్తే పోతుంది. ఇది తెలిశాక వానాకాలంలో మా ఆయనకి నేను గుడ్డతో అద్దం తుడిచి పెట్టే పని తప్పింది.

ఏప్రిల్, మే ఎండల్లో కారెక్కే ముందు వెనక ఎడమ కిటికీ దించి, డ్రైవర్ వైపు తలుపు ఐదారుసార్లు తెరిచి మూస్తే సెగ బయటికి పోతుంది. ఇది పదికి పది మార్కుల చిట్కా.

ఎలుకలతో మాత్రం ఇంకా గెలవలేదు. సెల్లార్ పార్కింగ్, పక్కనే చెత్త డబ్బాలు. బానెట్ కింద నాఫ్తలీన్ గోళీలు పెట్టాం, పొగాకు కాడలు కట్టాం, స్ప్రేలు కొట్టాం. ఏదైనా పది రోజులే. పొగాకు చూసి మెకానిక్, "మేడం, ముందు ఇది తీసేయండి. సైలెన్సర్ పైపు వేడికి ఎండిన ఆకు అంటుకుంటే వైర్లు కాదు, బండే పోతుంది" అన్నాడు. ఆ రోజే తీసేశాం. తర్వాత మూడు పనులు చేశాం. కారులో తినడం పూర్తిగా మానేశాం. అపార్ట్‌మెంట్ మీటింగులో పట్టుబట్టి చెత్త డబ్బాలని గేటు బయటికి మార్పించాను. వాడకపోయినా రెండు రోజులకోసారి బండి తీసి ఒక రౌండ్ వేస్తున్నాం. రావడం తగ్గింది, ఆగలేదు. మొన్న జనవరిలో కారు లోపలికి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ మీద గూడు కట్టిన కాగితం ముక్కలు దొరికాయి. గాలి లోపలికి వచ్చే దారికి సన్నటి స్టీలు జాలీ బిగించమని మెకానిక్‌ని అడిగి పెట్టించాను. నాలుగు నెలలైంది, ఇప్పటికి ఏమీ లేదు. అయినా నోట్‌బుక్‌లో దాని పక్కన ఇంకా టిక్కు పెట్టలేదు. ఒక వానాకాలం దాటాలి.