ఫ్లూక్ 117 మీటరు: వచ్చిపోయే కరెంటు ఫాల్టును పట్టుకుంటుందా?

పూర్తిగా తెగిపోయిన వైరును వెతకడం పెద్ద పనేం కాదు. చంపుకు తినేది వచ్చిపోయే ఫాల్టే. రాత్రంతా మిణుకుమిణుకుమన్న ట్యూబ్‌లైటు, ఎలక్ట్రీషియను వచ్చి స్టూలెక్కి బోర్డు విప్పేసరికి బుద్ధిగా వెలుగుతుంది. ఆయన రెండు స్క్రూలు బిగించి, "ఇప్పుడు బాగానే ఉంది కదండీ" అని చార్జీ పుచ్చుకుని వెళ్తాడు. నాలుగు రోజులకి మళ్ళీ మొదలు. ఈ రకం ఫాల్టుల కోసం ఫ్లూక్ 117 మల్టీమీటరు కొనొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. ముందే చెప్పేస్తాను: వదులైన జాయింట్లకీ, ఊగిసలాడే న్యూట్రల్‌కీ, ఉత్తుత్తి వోల్టేజీకీ ఇది చాలా బాగా పనికొస్తుంది. వాన పడితే ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై తెంచే స్విచ్) పడిపోయే ఇంటికి మాత్రం దీనితో పని పూర్తి కాదు.

ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో ఇళ్ళు ఎలా ఉంటాయో తెలిసిందే. వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా, రెండు పక్కలా పక్కింటివాళ్ళతో ఉమ్మడి గోడ. కరెంటు మీటరు వీధి అరుగు దగ్గర, వంటిల్లూ స్నానాల గదీ పెరటి చివర. అంటే వైరు ఒక్క వైపే పాతిక మీటర్లు పోవాలి, దారిలో అయిదారు జంక్షన్ బాక్సులు. గోపాల్‌పూర్ సముద్రతీరం నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇత్తడి టెర్మినళ్ళు చిలుం పడతాయి, ఇనుప స్క్రూలు తుప్పు పడతాయి. రాయగడ, కొరాపుట్ వైపు ఉప్పు బెడద లేదు గాని చెమ్మ, చీమలు, బల్లులు ఆ లోటు తీరుస్తాయి.

మీటరు సంగతికి ముందు జాగ్రత్త సంగతి. కరెంటు ఉండగా డీబీ (ఇంటి లైన్లన్నీ విడిపోయే పెట్టె) మూత తెరిచి లోపల ప్రోబులు పెట్టడం లైసెన్సున్న వైర్‌మన్ పని. ఇంట్లోవాళ్ళు సాకెట్ దగ్గర కొలతలు తీసుకోవచ్చు, అంతవరకే. బోర్డు విప్పాలంటే ఎమ్‌సీబీ (డీబీలో ఆ లైనును తెంచే స్విచ్) దించేస్తే చాలదు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మైను దించగానే అది అందుకుంటుంది, లైట్ల లైనుకి 230 వోల్టులు పంపుతూనే ఉంటుంది. దాన్ని స్విచ్‌తో ఆపి, అవుట్‌పుట్ ప్లగ్ కూడా పీకాలి. ఆ తర్వాత మూడుసార్లు కొలవాలి: ముందు కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో, తర్వాత మనం ఆపిన చోట, మళ్ళీ కరెంటున్న సాకెట్‌లో. ప్రోబు వైరు లోపల తెగినా మీటరు సున్నానే చూపుతుంది కాబట్టి ఆ మూడోది వదలకూడదు. మైను మొత్తం దించేసి ఉంటే ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులు చూసుకున్నా సరిపోతుంది, ఏసీయో డీసీయో ఈ మీటరు తనే పోల్చుకుంటుంది. ఆపిన చోట ఫేజు-న్యూట్రల్ ఒక్కటే చూసి చేయి పెట్టొద్దు. ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ కూడా చూడాలి. న్యూట్రల్ పైన ఎక్కడో తెగి ఉంటే మొదటి కొలత సున్నా వస్తుంది, ఫేజులో కరెంటు మాత్రం అలాగే ఉంటుంది.

ఇక మీటరు. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం పది మెగాఓముల దాకా ఉంటుంది. అందుకే ఒకే పైపులో కరెంటున్న వైరు పక్కన ఊరికే పడున్న వైరు మీద కూడా 60 అనో 90 అనో చూపిస్తుంది. అది పక్క వైరు నుంచి కెపాసిటెన్స్ వల్ల వచ్చిన ఉత్తుత్తి వోల్టేజీ, దానితో జీరో బల్బు కూడా వెలగదు. నియాన్ టెస్టరు అక్కడ మసగ్గా వెలిగి ఇంకా తికమక పెడుతుంది. 117లో నాబ్‌ని ఆటో-వి లో-జెడ్ మీదకి తిప్పితే లోపలి నిరోధం సుమారు 3 కిలోఓములకి దిగుతుంది. ఉత్తుత్తి వోల్టేజీ కూలిపోతుంది, అసలు 230 మాత్రం 230గానే నిలబడుతుంది. పాతకాలపు మేస్త్రీలు హోల్డరులో బల్బు పెట్టి రెండు వైర్లతో చూసేది ఇందుకే. ఆ పద్ధతిలో తర్కం సరైనదే, ఆ మొండి వైరు కొసలే ప్రాణాంతకం.

లో-జెడ్‌లో ఒక మెలిక ఉంది, మాన్యువల్ ముందేసుకున్నవాళ్ళు కూడా దీని దగ్గర తడబడతారు. కరెంటున్న ఫేజు మీద ఒక ప్రోబు, ఎర్త్ మీద రెండోది పెడితే ఎంత కరెంటు ఎర్త్‌లోకి పోతుందో లెక్కేయండి: 230ని 3000తో భాగిస్తే 77 మిల్లీఆంపియర్లు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ టక్కున పడిపోతుంది. కొత్త ఫాల్టు దొరికిందని సంబరపడొద్దు, పడేసింది మీటరే. కరెంటున్న లైనులో ఎర్త్‌తో కొలవాలంటే మామూలు ఏసీ వోల్టుల స్థానం వాడాలి.

డబ్బులకి తగిన పని చేసేది మిన్-మాక్స్ బటను, అంటే వచ్చిన వాటిలో అతి తక్కువ, అతి ఎక్కువ కొలతలను గుర్తుంచుకునేది. దాని దగ్గరికి వచ్చే ముందు లోడు వేసి కొలిచే పద్ధతి చూద్దాం. ఫాల్టున్న బోర్డులో ఒక సాకెట్‌కి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, పక్క సాకెట్‌లో మీటరు ప్రోబులు, నాబ్ ఏసీ వోల్టుల మీద. ఇస్త్రీపెట్టె ఆపి ఉన్నప్పుడు ఎంత, వేశాక ఎంత అన్నది రాసుకోండి. పెట్టె నాబ్‌ని గరిష్ఠ వేడి మీద పెట్టి, దాని లైటు వెలుగుతున్నప్పుడే కొలవాలి. థర్మోస్టాట్ కొట్టేశాక కొలిస్తే లోడే ఉండదు, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు లెక్క. ఈ పెట్టె లాగేది సుమారు 4.3 ఆంపియర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి ఒక్కో మీటరు పొడవుకి 7.4 మిల్లీఓములు. పాతిక మీటర్ల దూరమంటే పోనూ రానూ యాభై మీటర్లు, మొత్తం 0.37 ఓములు, కాబట్టి వైరులో పోయేది 1.6 వోల్టులు. ఆ లైను 1.5 వైరుతో లాగి ఉంటే 2.6 దాకా పోతుంది. వీధి వైపు సర్వీసు వైరులో పోయేది దీనికి కలుస్తుంది. ఇంతవరకు న్యాయమే. మీటరు ఎనిమిదో పదో వోల్టులు కిందకి దిగితే దారిలో ఏదో జాయింటు తింటోందన్నమాట. ఒక్క జాయింటు 8 వోల్టులు తింటే, 4.3తో గుణించండి, 35 వాట్ల వేడి. గోడలోని ప్లాస్టిక్ డబ్బాలో సోల్డరింగ్ ఐరన్ ఆన్‌లో పెట్టి మరిచిపోయినట్టే.

ఓముల్లో చూస్తే ఈ జాయింటు దొరకదు. 117 ఓముల్లో చూపగలిగే అతి చిన్న తేడా 0.1, ప్రోబు వైర్ల నిరోధమే అంతకన్నా ఎక్కువ. పైగా చల్లగా ఉన్నప్పుడు బాగానే అంటుకుని, వేడెక్కితే విడిపోయే జాయింట్లు చాలా. లోడు వేసి వోల్టులు చూస్తేనే నిజం బయటపడుతుంది.

తర్వాత అదే ఇస్త్రీపెట్టెను కరెంటు మీటరుకి దగ్గరున్న ముందుగది బోర్డులో పెట్టి చూడండి. అక్కడా అంతే పడితే తప్పు మైను దగ్గరో సర్వీసు వైరులోనో ఉంది. సీలు వేసిన కరెంటు మీటరు టెర్మినళ్ళ జోలికి పోకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయడమే దారి. అక్కడ బాగుండి వెనక గదిలోనే పడితే తప్పు ఆ రెంటికీ మధ్యలో ఉంది. నడిమి బోర్డు దగ్గర చూస్తే వెతకాల్సిన దారి సగమవుతుంది, ఇంకోసారి చూస్తే పావు. అన్ని బోర్డులూ విప్పుకుంటూ పోవడం కన్నా ఇది మేలు, ఎందుకంటే పాత వైర్లను కదిపిన ప్రతిసారీ కొత్త ఫాల్టు పుట్టే అవకాశం ఉంది. మూడు ఫేజుల ఇల్లయితే ఒక సంగతి గుర్తుంచుకోండి: ఒక గదిలో లోడు వేయగానే ఇంకో గదిలో లైట్లు ఎక్కువ కాంతిగా వెలిగితే మెయిన్ న్యూట్రల్ వదులైంది. ఆ క్షణమే మైను దించేయాలి. పూర్తిగా తెగితే కొన్ని గదుల్లో వోల్టేజీ 300 దాటుతుంది, ఫ్రిజ్జూ టీవీ మిగలవు.

వోల్టేజీ పడిపోవడం అప్పుడప్పుడే జరుగుతుంటే మిన్-మాక్స్ ఒకసారి నొక్కి, మీటరును ఆ మోడ్‌లోనే ఉంచండి. ఇంతకుముందు చూడని తక్కువ వోల్టేజీ రాగానే మీటరు బీప్ అంటుంది. ఆ మోడ్‌లో ఉన్నంతసేపూ తనంతట తాను ఆరిపోదు. ఒకరు మీటరు దగ్గర కూర్చుంటే, ఇంకొకరు మిక్సీ వేయడం, మోటారు వేయడం, బోర్డును పైనుంచి అరచేత్తో తట్టడం, తలుపు గట్టిగా వేయడం చేయాలి. ఏ పనికి బీప్ అందో కాగితం మీద రాసుకుంటే ఫాల్టు ఎటువైపుందో తెలిసిపోతుంది. మోటారు మొదలైన క్షణంలో ఇల్లంతా ఒకేసారి మసకబారడం తప్పు కాదు, స్టార్టింగ్ కరెంటు మామూలుకన్నా అయిదారు రెట్లుంటుంది. ఒక్క బోర్డే మసకబారితే అనుమానించాలి. ఒక లోటు ఉంది: కనురెప్ప పాటులో తగ్గి లేచే ఏసీ వోల్టేజీని ఈ మోడ్ సరిగ్గా పట్టుకోలేదు. ఇంకో హెచ్చరిక: ప్రోబులు సాకెట్‌లో గుచ్చి వదిలేసి బజారుకి పోవద్దు, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో.

ముక్కును కూడా తక్కువ అంచనా వేయకండి. స్విచ్‌బోర్డు ప్లాస్టిక్ వేడెక్కితే చేపల వాసన వస్తుంది. ఇంట్లో ఆ రోజు చేపలు వండకుండానే ఆ వాసన వస్తుంటే, ఏ మీటరూ లేకుండానే ఆ లైను ఎమ్‌సీబీ దించేయొచ్చు.

కరెంటు ఆపేసి వెతికేటప్పుడు కంటిన్యుటీ బజరు పనికొస్తుంది. ఆ లైను మీది సామాన్లన్నీ పీకి, బల్బులు తీసి, చివరి బోర్డులో ఫేజునీ న్యూట్రల్‌నీ క్లిప్పుతో కలపండి. డీబీ వైపు వైర్‌మన్ ఆ రెండు వైర్లూ విడదీసి బజరు పెడితే ఏకధాటిగా మోగుతుంది. ఇప్పుడు ఒక్కో జంక్షన్ బాక్సు దగ్గర వైర్లను మెల్లగా కదపాలి. మోత తెగిన చోటే తప్పు. చవక మీటర్ల బజరు నిదానంగా స్పందిస్తుంది, చిన్న తెగుడు తెలియకుండా పోతుంది. 117 బజరు అర మిల్లీసెకను తెగినా పట్టుకుంటుంది. అయితే అది 20 ఓముల లోపు దేనికైనా మోగుతుంది, 5 ఓముల చెడ్డ జాయింటుకి కూడా. మోగింది కాబట్టి జాయింటు మంచిదని తీర్పు ఇవ్వొద్దు. పని అయ్యాక ఆ క్లిప్పు తీయడం మరిచిపోయి ఎమ్‌సీబీ ఎత్తితే నేరుగా షార్టే, అందుకని క్లిప్పుకి ఎర్రగుడ్డ కట్టి ఉంచుకోవడం మంచి అలవాటు.

దొరికిన జాయింటును మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయడం మన వైపు మామూలైపోయింది. అదే మళ్ళీ వదులవుతుంది. నల్లబడిన రాగిని అంగుళం మేర కోసేసి, మెరిసే తీగ వచ్చేదాకా ఒలిచి, స్క్రూ కనెక్టరులో గట్టిగా బిగించాలి. స్క్రూ కింద పడేది రాగి మాత్రమే కావాలి, ప్లాస్టిక్ తొడుగు కాదు. పోగుల వైరులో రెండు పోగులు తెంపి మిగతావి దూర్చడం కూడా అక్కడ వేడికి కారణమే.

ఇప్పుడు వానాకాలం ఆర్‌సీసీబీ. మేడమీది నుంచి పైపులోకి దిగిన నీరు, బయటి లైటు డబ్బాలో చెమ్మ, ఎలుక కొరికిన తొడుగు, వీటిని 117 చూడలేదు. ఓముల్లో అది పంపేది చిన్న బ్యాటరీ వోల్టేజీ, 230 దగ్గర లీకయ్యే తొడుగు దానికి చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. ఇక్కడ 500 వోల్టుల డీసీ మెగ్గరు (ఎక్కువ వోల్టేజీ పెట్టి తొడుగు నిరోధం కొలిచే పరికరం) కావాలి, కనీసం ఒక మెగాఓము రావాలి. మెగ్గరు తిప్పే ముందు ఎల్‌ఈడీ బల్బులు, ఫ్యాను రెగ్యులేటర్లు, టీవీ అన్నీ తీసేయాలి, లేకపోతే వాటిలోని ఎలక్ట్రానిక్స్ పోతాయి. తీయడం కుదరకపోతే ఫేజూ న్యూట్రల్ కలిపేసి ఆ జంటకీ ఎర్త్‌కీ మధ్య చూడాలి. ఎండ కాసిన మధ్యాహ్నం చూస్తే అంతా బాగానే వస్తుంది, ట్రిప్పయిన రోజే చూడాలి.

ఒక్కో ఎమ్‌సీబీ దించుతూ దొంగను పట్టే పద్ధతి ఇక్కడ తరచు మోసం చేస్తుంది. సింగిల్ పోల్ ఎమ్‌సీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ మాత్రం డీబీలో న్యూట్రల్ వైర్లన్నీ కలిసే లోహపు బారుకి కట్టే ఉంటుంది. ఒక లైనులో న్యూట్రల్ ఎర్త్‌ని తాకుతుంటే, ఆ లైను ఎమ్‌సీబీ దించినా ఆర్‌సీసీబీ పడుతుంది. అదీ ఎప్పుడూ కాదు, పెద్ద లోడు నడిచినప్పుడు. గీజరు వేసినప్పుడల్లా పడుతోందని గీజరు మార్చేసినవాళ్ళున్నారు. అసలు తప్పు బయటి లైటు న్యూట్రల్‌లో ఉంటుంది, గీజరు కరెంటులో కొంత భాగం ఆ దారిన ఎర్త్‌లోకి మళ్ళుతుంది. మైను దించి, న్యూట్రల్ వైర్లను బారు నుంచి ఒక్కొక్కటిగా విడదీసి ఎర్త్‌తో చూస్తేనే తేలుతుంది. పూర్తిగా అంటుకున్నదైతే 117 ఓముల్లోనూ దొరుకుతుంది, చెమ్మదైతే మెగ్గరే.

మీటరు తలకాయలో ఉన్న వోల్ట్‌అలర్ట్, అంటే తాకకుండా కరెంటు పసిగట్టేది, ఉపయోగమే గాని ఇనప పైపులోని వైరును పసిగట్టదు. అది మోగకపోతే కరెంటు లేదని నమ్మి చేయి పెట్టకూడదు. ఆంపియర్ల జాక్‌తో ఇంటి వైరింగులో పనే లేదు. అందులో ప్రోబు మరిచిపోయి సాకెట్‌లో వోల్టులు చూడబోతే అది షార్టు చేసినట్టు. లోపల 11 ఆంపియర్లు, 1000 వోల్టుల ఫ్యూజు ఉంది కాబట్టి మనిషి బతుకుతాడు.

ఒక్క ఇంటి కోసం ఇది కొనడం దండగ, వేలు పోసి సంవత్సరానికి రెండుసార్లు తీస్తారు. నాలుగు వీధుల్లో పని చేసే ఎలక్ట్రీషియనైతే కళ్ళు మూసుకుని కొనొచ్చు, మొదట మెగ్గరు లేకపోతే రెండూ కలిపి లెక్కేసుకోవాలి. గోడకి వేలాడదీసే అయస్కాంతం పట్టీ విడిగా అమ్ముతారు, మిన్-మాక్స్ వాడేవాళ్ళకి అది తీసుకోదగ్గదే. ఫ్యూజు పోతే మాత్రం దానికి బదులు దుకాణంలో దొరికే గాజు ఫ్యూజు వేయకండి. మీటరు మీద రాసి ఉన్న క్యాట్ III 600 వోల్టులన్న భద్రతా భరోసా ఆ అసలు ఫ్యూజుతోనే ఉంది, గాజుది పెద్ద షార్టుకి చేతిలోనే పగులుతుంది.