గోడలకు రాయల్ ఎమల్షన్: ఏడేళ్లు వాడాక

కాకినాడలో మా ఇంటికి 2018లో రంగులు వేయించాం. హాలుకీ, పిల్లల గదికీ ఏషియన్ పెయింట్స్ వాళ్ల రాయల్ లగ్జరీ ఎమల్షన్ వేయించి, ఖర్చు కలిసొస్తుందని మిగతా గదులకు ఇంకో కంపెనీ చౌక రకం ఎమల్షన్ తీసుకున్నాం. లప్పం, ప్రైమర్, పెయింటర్ అన్ని గదులకూ ఒకటే. కాబట్టి ఇప్పుడు కనిపిస్తున్న తేడా రంగుదే.

ఆ తేడా స్విచ్ బోర్డుల దగ్గర బాగా తెలుస్తుంది. హాల్లో బోర్డు చుట్టూ చేతి మురికి పట్టినప్పుడల్లా మెత్తటి గుడ్డను సబ్బునీళ్లలో ముంచి, గట్టిగా పిండి తుడిచేస్తాం. మరక పోతుంది, రంగు చెక్కుచెదరదు. పడకగదిలో అదే పని చేస్తే గుడ్డకు రంగంతా అంటుకుని, తుడిచినంత మేరా గోడ వెలిసిపోయింది. అక్కడ ముదురు రంగు చీర గోడకు రాసుకుంటే చాలు, తెల్లటి పొడి అంటుతుంది.

ఎమల్షన్‌ని గోడకు పట్టి ఉంచేది అందులోని యాక్రిలిక్ బైండర్. గోడ కనపడకుండా కప్పేది టైటానియం డయాక్సైడ్. రెండూ ఖరీదైనవే. చౌక రకాల్లో వాటిని తగ్గించి సుద్దలాంటి పొడులు ఎక్కువ కలుపుతారు. షేడ్ కార్డులో చూస్తే మాత్రం ఖరీదైన రకం, చౌక రకం రెండూ ఒకేలా ఉంటాయి! అందుకే షాపులో షేడ్ కంటే ముందు ఏ రకమో అడగండి.

చౌక రకంతో పోలిస్తే రాయల్ లీటరు ధర రెట్టింపు పైనే ఉంటుంది, నిజమే. కానీ లప్పం, ప్రైమర్, కూలీ ఏ రంగుకైనా తప్పవు. సామాన్లన్నీ జరుపుకుని, ఇల్లంతా దుమ్ము భరించి మళ్లీ మళ్లీ వేయించుకోవడం కంటే చేతులు తగిలే గోడలకు ఒకేసారి మంచిది వేయించడం మేలు. సీలింగ్‌కి మాత్రం లగ్జరీ రకం దండగ. మా సీలింగ్ చౌక రంగుతోనే ఇప్పటికీ బాగుంది.

మెరుపున్న ఏ రంగైనా గోడ ఎత్తుపల్లాలను బయటపెడుతుంది. ప్రైమర్ అయ్యాక రాత్రిపూట టార్చ్‌లైట్ గోడ వెంబడి వేసి చూడండి. గుంటలు కనబడితే అప్పుడే లప్పం సర్ది ఎమరీ పేపర్ పట్టించాలి. రంగులో నీళ్లు కలిపేటప్పుడు ఇంట్లోవాళ్లు ఒకరు దగ్గరుండాలి. డబ్బా మీద రాసిన పాళ్లకు మించి పోస్తే ఎంత మంచి రంగైనా పలచబడుతుంది.

చెమ్మ ఉన్న గోడకు ఏ రంగూ నిలవదు. మా బాత్రూమ్ పక్క గోడ పైపు లీకై, చౌడు పొంగి పెచ్చులూడింది. ముందు లీకు ఆపి, గోడ పూర్తిగా ఆరనిచ్చి, పాత లప్పం గీకించాకే మళ్లీ రంగు వేయించాం. కొత్త ప్లాస్టరింగ్ అయినా సరే, కనీసం 28 రోజులు ఆగకుండా లప్పం పెట్టించొద్దు.

వచ్చే సంక్రాంతికి పడకగదులకూ రాయలే వేయిస్తున్నాం. హాలు జోలికి ఇప్పట్లో వెళ్లాల్సిన పనిలేదు.