నెల్లూరు ఆటోనగర్‌లో పాత అంబాసిడర్లకి ఇగ్నిషన్ పని చేసే షెడ్డు

అంబాసిడర్, పద్మిని కార్లు ఉన్నవాళ్ళు నమ్మి వెళ్ళదగ్గ షెడ్డు ఇది. బండి ఆగిపోయిందనగానే కాయిల్ (స్పార్క్‌కి కావలసిన హై వోల్టేజీ ఇచ్చేది) మార్చేయరు, ముందు స్పార్క్ చూస్తారు. స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకి పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నడిమి నుంచి కాయిల్ వైరు ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో ఇంజన్‌కి పావంగుళం దూరంలో పట్టి సెల్ఫ్ కొడతారు. నీలంగా టప్పుమని దూకితే కాయిల్ బాగున్నట్టే, లోపం క్యాప్‌లోనో, దాని లోపల తిరిగే రోటర్‌లోనో, ప్లగ్గు వైర్లలోనో ఉంటుంది. ఎర్రగా, నీరసంగా వస్తే పాయింట్లు (కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే స్విచ్చు మొనలు) చూడాల్సిందే.

పాయింట్లలో ఒకదానికి గుంటపడి, రెండోదానికి మొటిమ లేచిందంటే అనుమానం, పాయింట్ల మధ్య నిప్పురవ్వలు తగ్గించే కండెన్సర్ మీదే. ఉప్పుకాగితంతో గీకి పంపేసే మెకానిక్కులే ఎక్కువ. ఇక్కడ కండెన్సర్ మార్చి, పాయింట్లని తెరిచే కామ్ మొన మీద ఫీలర్ గేజీతో 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 15) గ్యాప్ పెట్టి, ఆ తర్వాతే టైమింగ్ (స్పార్క్ పడే వేళ) ముట్టుకుంటారు. గ్యాప్ మారితే టైమింగూ జరుగుతుంది మరి.

కాయిల్‌ని వేడి మీదే మీటరుతో చూడడం బాగా నచ్చింది. బలాస్ట్ (కాయిల్‌కి ముందు పెట్టే విడి రెసిస్టర్) లేని 12 వోల్టుల కాయిల్‌కి ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్ సుమారు 3 ఓములు ఉండాలి. చల్లారాక చూస్తే చెడ్డ కాయిల్ కూడా మంచిదానిలాగే చూపించొచ్చు. రోహిణీ కార్తెలో ఆగే బండ్లకి పెట్రోలు పైపులో ఆవిరి పట్టిందేమో కూడా చూస్తారు, ఆ ఓపిక అందరికీ ఉండదు.

లోటల్లా సామానే. వాళ్ళ దగ్గరున్న కండెన్సర్లు నాసిరకం. మంచిది మీరే కొని తీసుకెళ్ళండి, పాతది పనిచేస్తుంటే డిక్కీలో దాచుకోండి. వానాకాలం ముందైతే క్యాప్ లోపల స్పార్క్‌ని దారి తప్పించే వెంట్రుకంత నల్లగీత ఉందేమో లైటు వేయించి చూడండి, అడగందే చూడరు.