రాహుకాలం చూపే గడియారం: తొలితరం స్మార్ట్‌వాచీల్లో దేనికి యాప్ రాయడం మేలు?

పాత స్మార్ట్‌వాచీ ఒకటి సంపాదించి దానికి సొంతంగా యాప్ రాయాలనే కుతూహలం ఉన్నవారు అనంతపురంలో నాకు తెలిసి కొందరున్నారు. వారిలో ఎక్కువమంది ఇంజనీరింగ్ విద్యార్థులే. వారు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: పెబుల్ కొనాలా, సోనీ స్మార్ట్‌వాచ్ 2 కొనాలా, ఎల్‌జీ జీ వాచ్ కొనాలా? ఈ మూడూ 2013, 2014 సంవత్సరాల్లో, యాపిల్ వాచ్ ఇంకా అమ్మకానికి రాకముందు వచ్చినవి. తెర నాణ్యత, ప్రాసెసర్ వేగం, మెమరీ పట్టిక వేసి పోల్చితే జీ వాచ్ సునాయాసంగా గెలుస్తుంది. అయితే యాప్ రాయడానికి కొనేవారు ఆ పట్టికను పక్కన పెట్టి, చేయదలచిన పని ఒకటి ఎంచుకొని, అది ఒక్కో గడియారంలో ఎలా సాగుతుందో చూసుకోవడం మంచిది. నేను కొలబద్దగా తీసుకున్న పని ఇది: ఈ ఊరి సూర్యోదయాన్ని బట్టి ఆ రోజు రాహుకాలాన్ని లెక్కగట్టి తెలుగు అక్షరాల్లో చూపే యాప్.

రాహుకాలాన్ని పాటించడం, పాటించకపోవడం ఎవరిష్టం వారిది. ప్రోగ్రామింగ్ అభ్యాసంగా మాత్రం అది చక్కని లెక్క. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఉన్న పగటిని ఎనిమిది సమభాగాలు చేసి, సోమవారం రెండో భాగాన్ని, శనివారం మూడోదాన్ని, శుక్రవారం నాలుగోదాన్ని, బుధవారం ఐదోదాన్ని, గురువారం ఆరోదాన్ని, మంగళవారం ఏడోదాన్ని, ఆదివారం ఎనిమిదోదాన్ని రాహుకాలంగా తీసుకుంటారు. సోమవారం 7:30 నుంచి 9:00 వరకు అని మనం వాడుకగా చెప్పుకునే లెక్క, పొద్దు సరిగ్గా ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకుతుందన్న అంచనా మీద నిలిచింది. అనంతపురం 77.6 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉండగా, మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశపు కాలాన్ని చూపుతాయి కాబట్టి, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు 20 నిమిషాల తేడా ఇక్కడే వచ్చిపడుతుంది. జనవరి నడుమ ఇక్కడ పొద్దు పొడిచేది 6:48 ప్రాంతంలో, పగలు ఉండేది సుమారు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఆ రోజుల్లో సోమవారపు రాహుకాలం 8:13 ప్రాంతంలో మొదలై 9:38 ప్రాంతంలో ముగుస్తుంది. కడపలో అదే రాహుకాలం దాదాపు ఐదు నిమిషాలు ముందే వస్తుంది. యాప్ చేయవలసింది ఇంతే, కానీ ఈ కాస్త పనిని మూడు గడియారాలు మూడు రకాలుగా చేస్తాయి.

మొదట సోనీ సంగతి. 2013లో వచ్చిన స్మార్ట్‌వాచ్ 2కు 220 గుణకం 176 చుక్కల రంగుల తెర ఉంది, మామూలు మైక్రో యూఎస్‌బీ తీగతో ఛార్జింగ్ అవుతుంది, 24 మిల్లీమీటర్ల పట్టీ ఏ గడియారాల అంగడిలోనైనా దొరుకుతుంది. వస్తువుగా చూస్తే ముచ్చటైనదే. అయితే దీనికి రాసే యాప్ గడియారంలో నడవదు. అది ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే నడుస్తూ, ఏమి చూపాలో బ్లూటూత్ ద్వారా గడియారానికి పంపుతుంది. గడియారం దాన్ని చూపి, వేలి తాకిడిని తిరిగి ఫోన్‌కు చేరవేస్తుంది. ఫోన్‌ను ఇంట్లో వదిలి బయటికి పోతే గంటలు, నిమిషాలు కనిపిస్తాయి గానీ మన రాహుకాలం యాప్ ఉండదు. గడియారానికి ప్రోగ్రామ్ రాశామన్న తృప్తి ఇందులో దొరకదని నా అభిప్రాయం. సోనీ కూడా 2014లో స్మార్ట్‌వాచ్ 3 నాటికి ఈ పద్ధతిని విడిచి, గడియారాల కోసం గూగుల్ చేసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఆండ్రాయిడ్ వేర్‌కు మారిపోయింది.

జీ వాచ్ దీనికి పూర్తిగా వేరు. గూగుల్ 2014 మార్చిలో ప్రకటించిన ఆండ్రాయిడ్ వేర్‌తో అదే సంవత్సరం జూన్‌లో వచ్చిన తొలి గడియారాల్లో ఇదొకటి. 1.2 గిగాహెర్ట్జ్ స్నాప్‌డ్రాగన్ 400, 512 మెగాబైట్ల ర్యామ్, 280 గుణకం 280 చుక్కల తెర, 400 ఎంఏహెచ్ బ్యాటరీ: ఆనాటి ఒక మోస్తరు ఫోన్‌ను మణికట్టుకు కట్టినట్టు ఉంటుంది. యాప్‌ను జావాలో రాయాలి. ఆండ్రాయిడ్ ఫోన్ యాప్‌లు రాసినవారికి ఇందులో కొత్తగా నేర్వవలసింది తక్కువ. గడియారం కూర్చునే ఛార్జింగ్ పీఠం ద్వారానే కంప్యూటర్‌కు కలిపి, ఏడీబీ అనే ఆండ్రాయిడ్ సాధనంతో యాప్‌ను నేరుగా ఎక్కించి పరీక్షించవచ్చు. సూర్యోదయపు లెక్కలో వచ్చే సైన్, కొసైన్‌లను దశాంశాలతో సహా జావా గణిత తరగతిలో ఉన్నవి ఉన్నట్టుగా వాడుకోవచ్చు. రాహుకాలం యాప్ ఒక సాయంత్రంలో పూర్తవుతుంది, ఆ తేలికతనమే దీని లోపం కూడా. గడియారం అనే చిన్న యంత్రం గురించి మనకు తెలిసేది దాదాపు ఏమీ ఉండదు.

పెబుల్ ఈ రెండింటికీ నడుమ ఉన్నది కాదు, వేరే దారిలో పోయినది. 2012 ఏప్రిల్‌లో కిక్‌స్టార్టర్ అనే చందాల వేదిక ద్వారా 68,929 మంది నుంచి కోటి డాలర్లకు పైగా కూడగట్టి, 2013 జనవరిలో కొన్నవారికి చేరడం మొదలైన ఈ గడియారానికి 144 గుణకం 168 చుక్కల నలుపు తెలుపు తెర, నాలుగు బొత్తాలు ఉన్నాయి. తాకితే పలికే తెర లేదు. యాప్‌ను సీ భాషలో రాయాలి, అది గడియారంలోనే నడుస్తుంది, కోడ్‌తో సహా దానికి దక్కే మెమరీ మొత్తం 24 కిలోబైట్లు. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో పాయింటర్ల దగ్గర సీని దండం పెట్టి వదిలేసినవారు ఇక్కడ దాన్ని మళ్లీ పలకరించక తప్పదు. తెర మొత్తానికి ఒక బొమ్మ గీయాలంటే, అడ్డవరుసకు 20 బైట్ల చొప్పున 168 వరుసలకు 3,360 బైట్లు పోతాయి. అందువల్ల ప్రతి బైటు ఎక్కడికి పోతున్నదో లెక్క చూసుకునే అలవాటు దానంతట అదే వస్తుంది.

ఇందులోని కార్టెక్స్-ఎం3 ప్రాసెసర్‌కు దశాంశ లెక్కలు చేసే ప్రత్యేక భాగం లేదు. అందుకే పెబుల్ ఎస్‌డీకేలో, అంటే యాప్‌లు రాసేందుకు ఇచ్చే సాధనాల మూటలో, సైన్, కొసైన్ విలువలను పూర్ణాంకాలతోనే పట్టిక నుంచి తీసి ఇచ్చే ఏర్పాటు ఉంది. అంత దూరం పోకుండా, అనంతపురపు ఉదయాస్తమయాలను కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టి వారానికి రెండు సంఖ్యల చొప్పున పట్టికగా యాప్‌లో చేర్చుకోవచ్చు. ఇక్కడ సూర్యోదయం ఏడాది పొడవునా దాదాపు ఒక గంట మేరకే ముందుకు వెనక్కు జరుగుతుంది కాబట్టి, 5:40 నుంచి ఎన్ని నిమిషాలన్నది ఒక్క బైటులో పడుతుంది. అస్తమయానికీ అలాగే ఒక బైటు చాలు. 53 వారాలకు 106 బైట్లతో పని అయిపోతుంది. కర్నూలుకో కడపకో మార్చాలంటే పట్టిక మారిస్తే సరి. ఇలాంటి ఉపాయాలు వెతుక్కోవలసిన అవసరం జీ వాచ్‌లో ఎన్నడూ రాదు.

తెలుగు అక్షరాల విషయంలో మాత్రం పెబుల్‌ను వెనకేసుకు రావడం కష్టం. జీ వాచ్‌లో తెలుగు ఫాంట్ ఒకటి యాప్‌తో పాటు చేర్చుకుంటే గుణింతాలు, వత్తులు వాటి స్థానాల్లో కుదురుకుంటాయి. సోనీలోనైతే తెలుగు మాటను ఫోన్‌లోనే బొమ్మగా గీసి పంపవచ్చు. పెబుల్ ఒక్కో అక్షరాన్ని విడిగా తీసుకొని పక్కపక్కన పేర్చడం తప్ప, హల్లునూ అచ్చు గుర్తునూ కలిపి ఒక రూపం చేయలేదు. ఫాంట్ ఎంత మంచిదైనా "మంగళవారం" అని పంపితే దీర్ఘం విడిపోయిన ముక్కలే తెర మీద కనిపిస్తాయి.

దీనికి రెండు దారులున్నాయి. తెలుగు అంకెలకు గుణింతాలు, వత్తులు లేవు కాబట్టి ౦ నుంచి ౯ వరకు పది అంకెలను, ఒక రెండు చుక్కల గుర్తును మాత్రం ఫాంట్‌లోంచి ఏరి తీసుకుంటే సమయం నిక్షేపంగా తెలుగులో కనిపిస్తుంది. ఏ అక్షరాలు కావాలో చెప్పి మిగతావి వదిలేసే సదుపాయం ఎస్‌డీకేలోనే ఉంది. వారాల పేర్లను ఏడు బొమ్మలుగా గీసుకోవాలి. 100 గుణకం 30 చుక్కల బొమ్మకు, వరుసను నాలుగు బైట్ల గుణిజానికి సర్దడం వల్ల, 16 బైట్ల చొప్పున 480 బైట్లు అవుతాయి. ఆ రోజు బొమ్మ ఒక్కటే మెమరీలోకి తెచ్చుకొని, అర్ధరాత్రి దాటగానే దాన్ని విడుదల చేసి తరువాతిది తెచ్చుకుంటే భారం తెలియదు. ఆ బొమ్మలు గీసేటప్పుడు కంప్యూటర్ ఇచ్చే మెత్తని బూడిదరంగు అంచులు నలుపు తెలుపు తెర మీద రంపపు పళ్లలా తేలుతాయి కనుక, తలకట్టును, సున్నను చుక్క చుక్కగా చేతితో సరిచేసుకోవాలి. ఓపిక కావలసిన పని, కానీ నాకు ఈ యాప్ మొత్తంలో ఇష్టమైన భాగం ఇదే.

ఎండ విషయంలో చర్చ అక్కరలేదు. ఏప్రిల్ మధ్యాహ్నం టవర్ క్లాక్ దగ్గర నిలబడి చూస్తే, వెలుతురు పెరిగేకొద్దీ పెబుల్ తెర ఇంకా స్పష్టమవుతుంది. జీ వాచ్‌కు పరిసరాల వెలుగును పసిగట్టే సెన్సర్ లేదు గనుక, కాంతిని మనమే పెంచుకొని, చేయి అడ్డం పెట్టి చూడాలి. పెబుల్ ఒకసారి ఛార్జింగ్ చేస్తే ఐదారు రోజులు నడుస్తుంది, అదీ తెరను సెకనుకోసారి కాకుండా నిమిషానికోసారి మాత్రమే మార్చేలా యాప్ రాసినప్పుడు. జీ వాచ్‌ను ప్రతి రాత్రీ పీఠం మీద పెట్టవలసిందే. చెమట చేతులకు బొత్తాలే నయమని వేరే చెప్పనవసరం లేదు.

ఇంతకన్నా లోతుకు దిగాలనుకునేవారు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి క్రోనోస్ గడియారం గురించి అడుగుతుంటారు. 4 కిలోబైట్ల ర్యామ్‌తో ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవడానికి అది గొప్పదే. దాని తెర ముందే అచ్చైన 96 గీతలతో సరి కాబట్టి, తెలుగు అక్షరం అందులో అసాధ్యం.

చివరికి తేల్చేది, ఈ గడియారాలను కన్నవారు వదిలేశాక ఏది బతికిందన్నది. జీ వాచ్‌కు 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ వేర్ 2.0 అందలేదు, యాప్‌ను ఫోన్ యాప్ కడుపులో పెట్టి పంపే పాత పద్ధతి దగ్గరే అది ఆగిపోయింది. పెబుల్ సంస్థ ఆస్తులను 2016 డిసెంబరులో ఫిట్‌బిట్ కొన్నది, 2018 జూన్ 30న సర్వర్లు ఆగాయి. ఆ వెంటనే అభిమానులు రెబుల్ పేరుతో యాప్‌ల అంగడిని నిలబెట్టారు. ఫిట్‌బిట్‌ను కొన్న గూగుల్ 2025 జనవరిలో పెబుల్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలకోడ్‌ను బహిరంగంగా విడుదల చేసింది, పెబుల్ స్థాపకుడు ఎరిక్ మిగికోవ్‌స్కీ అదే ఏడాది కొత్త గడియారాలతో తిరిగి వచ్చాడు. ఈ రోజు సీలో రాసిన రాహుకాలం యాప్‌కు రేపు కూడా చోటుంటుందన్న భరోసా ఈ మూడింటిలో పెబుల్‌కే ఉంది.

అందువల్ల ఆండ్రాయిడ్ ఉద్యోగమే లక్ష్యంగా పెట్టుకున్నవారికి, లేదా మాట్లాడితే వినే గడియారం కావాలనుకునేవారికి తప్ప జీ వాచ్‌ను నేను సిఫారసు చేయను. సోనీని సేకరణ కోసం కొనవచ్చు. మిగిలిన వారందరికీ పెబుల్. డబ్బు కాస్త వెసులుబాటుగా ఉంటే 2015 నాటి పెబుల్ టైమ్ తీసుకుంటే 64 రంగులు, యాప్‌కు 64 కిలోబైట్లు దక్కుతాయి. పాతది కొనేటప్పుడు నాలుగు బొత్తాలూ నొక్కి చూడాలి, తెర మీద అడ్డగీతలు చెదురుతున్నాయేమో గమనించాలి, ఛార్జింగ్ తీగ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వాలి. అయస్కాంతంతో అతుక్కునే ఆ తీగ మన అంగళ్లలో దొరకదు, పెబుల్ టైమ్ తీగ తొలి పెబుల్‌కు సరిపోదు.