'ఐ7, 8 జీబీ కార్డు, విండోస్ 11' అనే ప్రకటన చూసి గేమింగ్ పీసీ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

బీటెక్‌లో సీటొస్తే కంప్యూటర్ కొనిపెడతానని మా తమ్ముడికి మాటిచ్చాను. వాడు గేమింగ్ పీసీ అడిగాడు. చదువుకీ పనికొస్తుంది, ఆదివారం ఫ్రెండ్స్‌తో వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ ఆట ఆడుకుంటాడు, తప్పేముంది అనుకున్నాను. ఎనిమిది నెలలు కూడబెట్టిన 38 వేలు ఒక్క మధ్యాహ్నంలో ఇచ్చేసి మోసపోయాను. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. అయినా ఇలాంటి ప్రకటనలు ఆ ఒక్క షాపువే కావు. ఫోన్ తెరిస్తే రోజుకు పది కనిపిస్తున్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రకటనలో ఉన్నది ఇది: కోర్ ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఆర్ఎక్స్ 580 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఒరిజినల్ విండోస్ 11 ప్రో, రంగురంగుల లైట్ల క్యాబినెట్, ఏ గేమైనా ఆడొచ్చు. షాపుకెళ్తే జీటీఏ 5 పెట్టి చూపించారు. చక్కగా నడిచింది. తమ్ముడి మొహం వెలిగిపోయింది. ఇక నాకు బేరమాడే మనసు కూడా రాలేదు.

బిల్లు అడిగితే, "జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా అవుతుంది మేడమ్, ఎస్టిమేట్ ఇస్తాం, వారంటీ మాదే" అన్నారు. సరేనన్నాను. నేను చేసిన తప్పుల్లో మొదటిది అదే. ఆ ఎస్టిమేట్ చీటీ మీద 'గేమింగ్ పీసీ - 1' అని తప్ప ఏ సామాను పేరూ లేదు, ఏ సీరియల్ నంబరూ లేదు. డబ్బు కూడా షాపు పేరు మీద కాకుండా ఎవరో వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి వెళ్లింది.

ఇంటికొచ్చిన రాత్రే తమ్ముడు వాలరెంట్ ఇన్‌స్టాల్ చేశాడు. ఆట తెరుచుకోలేదు. వీఏఎన్ 9001 అని ఎర్రర్ వచ్చింది. విండోస్ 11 మీద ఆ ఆట నడవాలంటే టీపీఎమ్ 2.0 (రహస్య తాళాలు దాచే భద్రతా ఏర్పాటు), సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే ఏర్పాటు) రెండూ ఆన్‌లో ఉండాలి. ఆటలో దొంగాటలు ఆడేవాళ్లను పట్టుకోవడానికి దాని కంపెనీ పెట్టిన షరతు అది. షాపుకు వాట్సాప్ చేస్తే "బయోస్‌లో టీపీఎమ్ ఆన్ చేసుకోండి" అని జవాబొచ్చింది. వాడు రాత్రి రెండింటి దాకా వెతికాడు. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఆ ఆప్షనే లేదు. మర్నాడు మళ్లీ అడిగితే "అయితే విండోస్ 10 వేసుకోండి, అన్నీ నడుస్తాయి" అన్నారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పుడే కొన్న కంప్యూటర్లో అది వేసుకోమంటున్నారు!

వేరే దారి లేక వేశాం. ఆట తెరుచుకుంది. కానీ అరగంట ఆడేసరికి స్క్రీన్ మొత్తం నల్లబడి, ఫ్యాన్లు మాత్రం హోరున తిరిగేవి. రోజూ ఇదే టెన్షన్. షాపువాళ్లు ముందు డ్రైవర్ సమస్య అన్నారు, తర్వాత మా ఇంట్లో కరెంటు బాగోలేదన్నారు, ఆ తర్వాత ఫోనెత్తడం మానేశారు.

చివరికి మా ఆఫీసులో ఒకాయన చెబితే క్యాబినెట్‌ను ఆటోలో వేసుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీకి, అదే చినోయ్ ట్రేడ్ సెంటర్‌కి, ఒక రిపేర్ చేసే అబ్బాయి దగ్గరికి తీసుకెళ్లాను. అతను మూత తీసి చూసి, "కొత్త కార్డు అని ఇచ్చిన్రా అక్కా మీకు?" అని అడిగాడు. ఆ గంటలో అతను చూపించినవన్నీ కొనేముందే తెలిసుంటే నేను ఆ షాపు మెట్లెక్కేదాన్ని కాదు.

ముందు ప్రాసెసర్. అది ఐ7 అన్నది నిజమే. కానీ ఐ7-3770. అంటే మూడో తరం, 2012లో వచ్చింది. ఐ7 అన్న మాట ఒక్కటే వింటే ఏమీ తెలియదు, దాని పక్కనున్న అంకెలు చూడాలి. 3770లో మొదటి అంకె 3, అది తరం. 12400 అంటే పన్నెండో తరం. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి విండోస్ 11కి అధికారికంగా సపోర్ట్ ఉంది. మా మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ బిగించే బోర్డు, చూడటానికి కొత్తగానే ఉంది కానీ దాని మీద కంపెనీ పేరే లేదు, హెచ్61 అని మాత్రం ఉంది. అది ఆ పాత ప్రాసెసర్ల కాలం నాటి చిప్‌సెట్. మా బోర్డులో టీపీఎమ్ 2.0 లేనే లేదు, తమ్ముడు ఎన్ని రాత్రులు వెతికినా దొరకదు. మరి విండోస్ 11 ఎలా ఎక్కింది? ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు జరిగే తనిఖీని తప్పించే పద్ధతులున్నాయి, అలా ఎక్కించారు. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న భరోసా మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఈ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే, లెక్కలు త్వరగా చేయించే ఆదేశాల సెట్ కూడా లేదట. అది లేకపోతే కొన్ని కొత్త ఆటలు అసలు మొదలే కావు.

తర్వాత గ్రాఫిక్స్ కార్డు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది పడే గొయ్యి ఇదే. అతను జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, షేడర్స్ (కార్డులో బొమ్మల లెక్కలు చేసే చిన్న కోర్లు) అన్న గడి మీద వేలు పెట్టాడు. 2048 అని ఉంది. 2017 ఏప్రిల్‌లో ఏఎమ్‌డీ విడుదల చేసిన అసలు ఆర్ఎక్స్ 580లో ఉండేవి 2304. 2018 అక్టోబర్‌లో చైనా మార్కెట్ కోసం 2048తో ఒక రకం వచ్చింది. దానికీ 580 అనే పేరే పెట్టారు. నిజానికి 2048 అంటే ఆర్ఎక్స్ 570 లెక్క. ఇప్పుడు బ్రాండ్ పేరు కూడా సరిగా లేని పెట్టెల్లో 'ఆర్ఎక్స్ 580 8 జీబీ' అని అమ్ముతున్న వాటిలో చాలావరకు ఈ రకమే అన్నాడతను. 8 జీబీ మెమరీ ఉన్నమాట నిజమే. కానీ 8 జీబీ అన్నది కార్డు వేగం కాదు, దానికున్న గోదాము సైజు.

అంతటితో అయిపోలేదు. ఎథీరియం అనే క్రిప్టో కాయిన్లను గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి సంపాదించే పద్ధతి, అంటే మైనింగ్, 2022 సెప్టెంబర్ 15న ఆగిపోయింది. రాత్రీ పగలూ ఆపకుండా పనిచేసిన కార్డులు కుప్పలు తెప్పలుగా మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. వాటిని కడిగి, కొత్త ఫ్యాన్లు బిగించి, కొన్నిటి చిప్పులు ఊడదీసి వేరే బోర్డుల మీద అతికించి కొత్తవన్నట్టు అమ్ముతున్నారు. మా కార్డు కూలర్ విప్పితే మెమరీ చిప్పుల చుట్టూ జిడ్డు కారి ఉంది, ఒక పక్క టంకం వేసిన మరకలు కనిపించాయి. అరగంటకు స్క్రీన్ ఎందుకు నల్లబడుతోందో అప్పుడర్థమైంది.

ఇంకో సంగతి నాకసలు తట్టనిది. అతను ఆ కార్డును తన దగ్గరున్న కొత్త బోర్డులో పెట్టి చూశాడు. టీపీఎమ్ ఉన్న బోర్డు కదా, దాంట్లోనైనా వాలరెంట్ ఆడుకోవచ్చేమోనని నాకు ఆశ. బయోస్‌లో సీఎస్ఎమ్ అనే పాత పద్ధతిని ఆపగానే స్క్రీన్ మీద ఏమీ రాలేదు. మైనింగ్ కోసం కార్డు సొంత బయోస్‌ను మార్చేశారు, కొత్త పద్ధతిలో బూట్ అవ్వడానికి కావాల్సిన భాగం అందులో లేదు. సీఎస్ఎమ్ ఆన్‌లో ఉంచితే బొమ్మ వస్తుంది కానీ సెక్యూర్ బూట్ ఆన్ కాదు. సెక్యూర్ బూట్ లేకపోతే విండోస్ 11 మీద ఆ ఆట లేదు. అంటే బోర్డు మార్చినా, ప్రాసెసర్ మార్చినా ఈ కార్డుతో మా పని జరగదు. నేను ఓఎస్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేరు, కార్డు వేరు అనుకున్నాను. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని ఆ రోజు తెలిసింది.

విండోస్ సంగతి. షాపువాళ్లు ఎక్కించి ఇచ్చిన డిస్క్ కాపీ ఒకటి తమ్ముడు దాచాడు కాబట్టి అదీ చూశాం. ఒరిజినల్ అని చెప్పింది ఒరిజినల్ కాదు. పెద్ద కంపెనీలు వందల కంప్యూటర్లకు వాడుకునే రకం యాక్టివేషన్‌ను క్రాక్‌తో చేశారు. ఆ క్రాక్ పనిచేయడానికి విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ అయిన డిఫెండర్‌కి ఈ ఫోల్డర్ జోలికి వెళ్లొద్దని మినహాయింపు రాసిపెట్టారు. ఆ ఫోల్డర్‌లో ఏముందో ఎవరికి తెలుసు? మొదటి రెండు రోజులు తమ్ముడు ఆటలు కొనుక్కునే తన స్టీమ్ అకౌంటు, నా మెయిల్ రెండూ అదే సిస్టమ్‌లో తెరిచాడు. ఇప్పటిదాకా ఏమీ పోలేదు. కానీ ఆ రాత్రి పాస్‌వర్డులన్నీ మార్చేదాకా నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రకటనలో అబద్ధమని వేలెత్తి చూపగలిగింది ఒరిజినల్ విండోస్, ఏ గేమైనా ఆడొచ్చు అన్న రెండు మాటలే. మిగతావన్నీ సగం సగం నిజాలు. ఐ7 నిజం, తరం చెప్పలేదు. 580 నిజం, ఏ 580యో చెప్పలేదు. అడగాల్సింది నేను. అడగడం తెలియకపోవడమే వాళ్ల వ్యాపారం.

కాబట్టి కొనేవాళ్లు ముందు ఆట పేరు రాసుకోండి. ఆటను బట్టి ఓఎస్, ఆ రెంటినీ బట్టి కార్డు. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ ఆడాలంటే విండోస్ తప్పదు, అవి లైనక్స్ అనే ఉచిత ఓఎస్ మీద నడవవు. ఏపెక్స్ లెజెండ్స్‌ని కూడా 2024 చివర్లో లైనక్స్‌లో ఆపేశారు. ఒక్కరే కూర్చుని ఆడే కథ ఆటలైతే లైనక్స్ మంచి దారే. స్టీమ్‌లో ప్రోటాన్ అనే ఏర్పాటుతో విండోస్ ఆటలు చాలా నడుస్తాయి, లైసెన్సు ఖర్చూ ఉండదు. లైనక్స్ అనుకుంటే ఏఎమ్‌డీ కార్డు సుఖం, డ్రైవర్ ఓఎస్‌తో పాటే వస్తుంది. ఎన్‌విడియా అయితే డ్రైవర్ సాధారణంగా విడిగా వేసుకోవాలి. ఇంటెల్ ఆర్క్ కార్డులు ధర చూసి బాగున్నాయనిపిస్తాయి, కానీ రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని పాత బోర్డుల్లో వాటి వేగం బాగా పడిపోతుంది.

ఒకే పేరుతో రెండు రకాలు ఉండటం 580కే పరిమితం కాదు. జీటీఎక్స్ 1060లో 3 జీబీ రకానికీ 6 జీబీ రకానికీ మెమరీయే కాదు, కోర్లు కూడా తేడా: 1152, 1280. జీటీ 1030లో డీడీఆర్4 పెట్టిన రకం జీడీడీఆర్5 రకం కంటే చాలా నెమ్మది. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీది వేరు, తర్వాత వచ్చిన 8 జీబీది వేరు. ఇక పాత జీటీఎస్ 450 లాంటి కార్డుల బయోస్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మే పూర్తి నకిలీలు కూడా ఉన్నాయి. టాస్క్ మేనేజర్‌లో కనిపించే పేరును నమ్మొద్దు. జీపీయూ-జెడ్ కొత్త వెర్షన్ పెన్ డ్రైవ్‌లో వేసుకెళ్లండి. నకిలీ అయితే చాలాసార్లు పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. షేడర్స్ అంకెను కార్డు తయారీ కంపెనీ సైట్‌లో ఉన్న అంకెతో పోల్చండి.

షాపులో ఉండగానే విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి టీపీఎమ్ డాట్ ఎమ్ఎస్‌సీ అని ఇంగ్లిషులో కొట్టండి. 2.0 అని కనపడాలి. అలాగే ఎమ్ఎస్ఇన్ఫో32 అని కొడితే బయోస్ మోడ్ యూఈఎఫ్ఐ అనీ, సెక్యూర్ బూట్ ఆన్ అనీ ఉండాలి. వాళ్లు చూపించే ఆట కాదు, మీరు ఆడబోయే ఆట పెట్టించండి, అరగంట ఆడండి. మాకు పది నిమిషాలు జీటీఏ చూపించి పంపేశారు. వాళ్లు మొహం చిట్లించినా కూర్చోండి, డబ్బు మీది. పవర్ సప్లై మీద 500 వాట్లని స్టిక్కర్ ఉంటే చాలదు, బ్రాండ్ అడగండి.

బిల్లు మాత్రం వదలొద్దు. జీఎస్టీ బిల్లు మీద కార్డు పూర్తి పేరు, సీరియల్ నంబరు ఉండాలి. పెట్టె మీద దిగుమతిదారు పేరు, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ చూడండి. కొత్తదని చెప్పి పెట్టె లేకుండా కార్డు ఇస్తే తీసుకోవద్దు. పాతదే కొంటున్నామని తెలిసి, పాత ధరకే కొనడంలో తప్పులేదు. కొత్త ధరకు పాతది అంటగట్టడమే నా బాధ.

నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. షాపువాళ్లు పది వేలు తిరిగిస్తామని రాయబారం పంపారు, ఒప్పుకోలేదు. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, గడువు రెండేళ్లు. సరైన బిల్లు లేదు కాబట్టి నా చేతిలో ఉన్నవి వాట్సాప్ చాట్, యూపీఐ రసీదు, ఆ ప్రకటన స్క్రీన్‌షాట్. ఆ ప్రకటనను వాళ్లు ఇప్పటికే తీసేశారు. స్క్రీన్‌షాట్ తీసిపెట్టింది తమ్ముడే.

మీరిప్పటికే ఇలాంటి సిస్టమ్ కొని ఉంటే ఈ రాత్రే డిఫెండర్‌లో మినహాయింపుల జాబితా తెరిచి చూడండి. మీరు పెట్టని ఫోల్డర్ కనిపిస్తే మెయిల్, బ్యాంకు, స్టీమ్ పాస్‌వర్డులు ఆ కంప్యూటర్లో కాదు, ఫోన్‌లోంచి మార్చండి. తర్వాత ప్రకటన, చాట్, సీరియల్ నంబర్లు అన్నీ ఫొటోలు తీసి పెట్టుకున్నాకే షాపుకు ఫోన్ చేయండి.